‘నిధుల్లేవు’ అన్న జవాబు ఎక్కడిదాకా చెల్లుతుంది?

హనుమకొండలోనైనా జగిత్యాలలోనైనా వికలాంగులు ప్రజావాణిలో పింఛన్ కోసం అర్జీ పెడతారు, ఆఫీసుకు ర్యాంపు కోసమూ పెడతారు. రెండింటికీ ‘నిధుల్లేవు’ అని చెప్పి పంపడం తప్పు. ఈ రెండూ చట్టంలో ఎలా వేరుపడ్డాయో తెలియాలంటే 1966 దాకా వెనక్కి పోవాలి.

ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదే ఆమోదించింది. పని, చదువు, వైద్యం, తిండి, ఇల్లు అన్నీ అందులో ఉన్నాయి, వికలాంగుల ఊసే లేదు. వనరులున్న మేరకు ఈ హక్కులను క్రమంగా నెరవేర్చాలని, వివక్షకు మాత్రం తావులేదని రెండో అధికరణం చెప్పింది. అక్కడ వివక్షకు కారణాల జాబితా చివరనున్న ‘ఇతర హోదా’ కిందికి వైకల్యమూ వస్తుందని, తగిన వెసులుబాటు (వైకల్యానికి తగ్గట్టు చేయాల్సిన మార్పు) నిరాకరించడం వివక్షేనని ఒడంబడిక అమలును చూసే కమిటీ తేల్చేసరికి 1994 వచ్చింది.

మన దేశంలో వికలాంగుల కోసం తెచ్చిన 1995 చట్టం ర్యాంపులను సైతం ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న షరతుకు కట్టేసింది. అధికారులకు అంతకంటే ఏం కావాలి? ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని భారత్ 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. దాన్ని అమలు చేసేందుకు తెచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆ షరతు పింఛన్ల 24వ సెక్షన్‌లో మిగిలింది, భవనాల 45వ సెక్షన్‌లో లేదు. పింఛన్‌కైనా ఒక హద్దు పెట్టారు: ఇతరులకున్న అలాంటి పథకాల కన్నా కనీసం 25 శాతం ఎక్కువివ్వాలి. తెలంగాణలో 2023లో వృద్ధుల ఆసరా పింఛన్ రూ.2,016 ఉండగా వికలాంగులది రూ.4,016 అయింది. భవనాల్లాంటివి వికలాంగులకు అందుబాటులో ఉండేలా పెట్టిన ప్రమాణాలు సలహాలు కావని, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో చెప్పింది.

ర్యాంపు ఉన్నంత మాత్రాన సరిపోదు. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగుల ర్యాంపన్నమాట. ముందు జాగా లేదని ఆరడుగుల్లో ముగిస్తే వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొడుతుంది. అలాంటిచోట మధ్యలో చదునైన మలుపునిచ్చి గోడ వెంబడి తిప్పాలి, రెండు పక్కలా పట్టుకునే కడ్డీ వేయాలి.

అర్జీలో మెట్ల ఎత్తు, ముందున్న జాగా కొలతలు, 45వ సెక్షన్ రాయండి. మీరు ఆ ఆఫీసులోనే ఉద్యోగులైతే మరో దారీ ఉంది: 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసులో వికలాంగ ఉద్యోగుల ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదును రిజిస్టర్‌లో ఎక్కించి రెండు వారాల్లో విచారించాలి. కాబట్టి నంబరు వేయించుకోకుండా రావద్దు. ఆ చర్య సరిపోలేదనుకుంటే జిల్లాస్థాయి కమిటీకి పోవచ్చు.