రీజనల్ హైస్కూల్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మాసచూసెట్స్‌లో పక్కపక్కనున్న చిన్న టౌన్లు ఒప్పందం చేసుకుని, కలిసి ప్రభుత్వ హైస్కూల్ నడుపుకోవడం మామూలే. దాన్నే రీజనల్ హైస్కూల్ అంటారు. అలాంటి ఒక స్కూల్లో నేను గైడెన్స్ కౌన్సెలర్‌ని. ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు అడిగేవి ఎక్కువగా ఇవే.

అపోహ: బిల్డింగ్ ఏ టౌన్‌లో ఉంటే ఆ టౌన్ పిల్లలకే మొదటి ప్రాధాన్యం.

వాస్తవం: ఒప్పందంలో ఉన్న ఏ టౌన్‌లో కాపురమున్నా, అద్దె ఇల్లైనా సరే, పిల్లల హక్కు ఒకటే. మీరు కనుక్కోవాల్సింది ఏ తరగతి నుంచి కలుస్తారని. ఆల్గాంక్విన్ హైస్కూల్లో నార్త్‌బరో, సౌత్‌బరో పిల్లలు 9లో కలుస్తారు. ఆ ముందు వరకూ ఎవరి టౌన్ స్కూళ్లు వాళ్లవి. యాక్టన్, బాక్స్‌బరో మాత్రం 2014 నుంచి చిన్న తరగతులను కూడా కలిపేశాయి.

అపోహ: వేరే టౌన్ మిడిల్ స్కూల్ నుంచి వస్తే లెక్కల్లో వెనకబడతారు.

వాస్తవం: తల్లిదండ్రుల్లో నేను ఎక్కువగా చూసే టెన్షన్ ఇదే. ఒక టౌన్‌లో చాలామంది 8లోనే ఆల్జీబ్రా వన్ ముగిస్తారు, పక్క టౌన్‌లో కొందరే. అందుకే 8వ తరగతి టీచర్లు ఒక్కో పిల్ల గురించి రాసి పంపిన రెండు ముక్కలూ చదువుతాం, అనుమానం వస్తే ఫోన్ చేసి అడుగుతాం. 9లో ఆల్జీబ్రా వన్‌తో మొదలైనా, 10లో జామెట్రీ, ఆల్జీబ్రా టూ కలిపి తీసుకుంటే 12లో కాల్‌క్యులస్ అందుతుంది. పునాది లేకుండా పై కోర్సులోకి తోసిన పిల్లలు అక్టోబరు కల్లా నా గదిలో కళ్లనీళ్లు పెట్టుకుంటారు. దయచేసి ఆ తొందర వద్దు.

అపోహ: డబ్బు రాష్ట్రం ఇస్తుంది, బడ్జెట్‌తో మనకేం పని?

వాస్తవం: రాష్ట్రం ఇచ్చేది కొంతే. మిగతాది టౌన్లు ప్రధానంగా ఆస్తి పన్ను నుంచి కట్టాలి. 1980లో ఓటర్లు తెచ్చిన చట్టం ప్రకారం, కొత్త కట్టడాల మీద వచ్చేది కాకుండా, టౌన్ మొత్తం ఆస్తి పన్ను ఏటా రెండున్నర శాతానికి మించి పెరగాలంటే మళ్లీ ఓటింగ్ పెట్టాలి. పైగా స్కూల్ బడ్జెట్‌ను సాధారణంగా మూడింట రెండు వంతుల టౌన్లు ఒప్పుకోవాలి. రెండే టౌన్లున్న చోట రెండూ ఒప్పుకోవాల్సిందే. అంటే పక్క టౌన్ కాదంటే మీ పిల్లల స్కూల్‌కీ దెబ్బే. కోత పెట్టాల్సి వస్తే ముందుగా చర్చకు వచ్చేవాటిలో సాయంత్రం లేట్ బస్సు ఒకటి. అది ఆగిపోతే రోబోటిక్స్, నాటకాలు మానేసేది దూరపు టౌన్ పిల్లలే, అందులోనూ అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లవాళ్లు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అపోహ: సిటిజన్లం కాదు కాబట్టి మన మాట ఎవరూ వినరు.

వాస్తవం: టౌన్ మీటింగ్‌లో, అంటే టౌన్ బడ్జెట్ మీద ఓటేసే సభలో, ఓటు సిటిజన్లకే, నిజమే. కానీ బడ్జెట్ ఖరారు చేసేముందు స్కూల్ కమిటీ చట్టప్రకారం పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. అక్కడ ఆసక్తి ఉన్న ఎవరైనా మాట్లాడొచ్చు, వీసా స్టేటస్‌తో పనిలేదు. "మా అమ్మాయి ఇంటికొచ్చేది లేట్ బస్సులోనే" అని రెండు నిమిషాలు చెప్పినా సభ్యులు రాసుకుంటారు. హియరింగ్ తేదీని ముందుగానే ప్రకటిస్తారు. చలికాలం చివర్లో స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, వీలైతే మీ వీధిలో ఇంకో కుటుంబాన్నీ వెంటబెట్టుకురండి.