కూనూరు రైలు నుంచి తమిళ చీటీ దాకా

మొన్న డిసెంబరులో మా అక్క కంటి ఆపరేషన్ కోసం గూడూరు నుంచి చెన్నై వచ్చింది. తోడుగా మేనల్లుడు. తెల్లవారుజామున టీ తెద్దామని వాడు లాడ్జి సందులోంచి బయటికొస్తుంటే, మూల మీద పడుకున్న కుక్క లేచి పిక్క పట్టేసింది. రెండు పంటి గాట్లు, సన్నగా నెత్తురు. లాడ్జి గుమాస్తా తెలుగాయనే. చిటికెడు పసుపు తెచ్చిచ్చి, "ఏం కాదు బాబూ, పది రోజులు ఆ కుక్కని కనిపెట్టి చూడండి. బతికుంటే భయం లేదు" అన్నాడట.

నాలుగో రోజు పినాకిని రైల్లో టికెట్లున్నవాడు పది రోజులు కుక్కకి కాపలా ఎలా కాస్తాడు?

పది రోజుల మాట వట్టి పుకారేం కాదు. రేబిస్ సోకిన కుక్క చొంగలో వైరస్ కనిపించడం మొదలయ్యాక సాధారణంగా పది రోజుల్లోపే చచ్చిపోతుంది. కాకపోతే ఆ లెక్క, సూదులు మొదలెట్టాక కుక్క బాగానే ఉంటే మిగతావి ఆపుకోవడానికి. మొదటి సూది వాయిదా వేసుకోవడానికి కాదు. అదీ మన వీధి కుక్కయితేనే పనికొస్తుంది. ఊరుకాని ఊళ్ళో కరిచిన కుక్క సాయంత్రానికి ఏ సందులో ఉంటుందో ఎవరికి ఎరుక.

ఈ జబ్బుకి, ప్రయాణానికి ఉన్న ముడి ఈనాటిది కాదు. 1885 జులైలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ మొదటిసారి రేబిస్ టీకా వేయించిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ పారిస్ పిల్లాడు కాదు. కుక్క కరిచాక తల్లి వాణ్ని అల్సేస్ నుంచి తీసుకొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మన దేశంలో కరిపించుకున్న తెల్ల సిపాయిల్ని కూడా ఓడెక్కించి పారిస్ పంపేవాళ్ళు. మిగతావాళ్ళకి పసర్లూ తాయెత్తులే గతి. 1900లో ఉత్తరాదిన హిమాచల్ కొండల్లోని కసౌలీలో ఈ టీకా వేసే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. దక్షిణాదికి 1907లో, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన డబ్బు సాయంతో, నీలగిరి కొండల్లోని కూనూరులో ఇంకోటి వచ్చింది.

అప్పుడు నెల్లూరు, కడప అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. నెల్లూరు పల్లెలో ఒకణ్ని పిచ్చికుక్క కరిస్తే దారేమిటో చూడండి: బండి కట్టుకుని స్టేషనుకి, రైల్లో మద్రాసుకి, అక్కణ్నుంచి మేట్టుపాళయం, ఆపైన కొండ రైలు. ఆ కొండ రైలు కూనూరు చేరిందే 1899లో. తీరా చేరాక రోజుల తరబడి అక్కడే ఉండి సూదులు వేయించుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే, పొలం కోతకొచ్చి ఉంటే ఎంతమంది వెళ్ళగలిగి ఉంటారు?

ఆ దూరాన్ని తగ్గించింది కసౌలీలో పనిచేసిన డేవిడ్ సెంపుల్. 1911లో ఆయన జంతువుల మెదడులో పెంచిన వైరస్‌ని ఫినాల్‌తో చంపి టీకా చేశాడు. రోగి మందు దగ్గరికి వెళ్ళే బదులు మందే సీసాల్లో జిల్లా ఆసుపత్రులకి వెళ్ళడం మొదలైంది. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' ఇదే. మా పెదనాన్న వేయించుకున్నాడు. పొట్ట మీద చోటు మిగల్లేదని, ఆ పదిహేను రోజులూ పంచె బిగించి కట్టలేకపోయానని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వు రాని సంగతి ఒకటుంది: జంతువుల మెదడు పదార్థం ఒంట్లోకి వెళ్ళడంతో కొందరికి పక్షవాతం లాంటివి వచ్చేవి. అయినా చవకని తొంభయ్యేళ్ళకి పైగా అదే నడిచింది. మన దేశం దాన్ని పూర్తిగా వదిలేసింది 2004 చివర్లో.

కణాల్లో పెంచిన టీకా అప్పటికే వచ్చేసింది. హైదరాబాదులో తయారయ్యే అభయ్‌రాబ్ ఆ కోవదే. పొట్ట నుంచి సూది జబ్బకి మారింది, పద్నాలుగు అయిదయ్యాయి. ఖరీదు మాత్రం పెరిగింది. దానికి విరుగుడుగా 2006లో చర్మం పొరలో వేసే పద్ధతికి అనుమతి ఇచ్చారు: రెండు జబ్బల్లో 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28వ రోజుల్లో (0 అంటే మొదటి సూది వేసిన రోజు). ఒక్క సీసాని దాని సైజుని బట్టి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా పంచొచ్చు. ఇందులోనూ ఓ మెలిక ఉంది. సీసా తెరిచాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి. రోజుకి వందమంది వచ్చే పెద్దాసుపత్రికి ఇది లాభం. రోజుకొకరు వచ్చే పల్లె క్లినిక్కు ఒక్కడి కోసం సీసా తెరవదు, కండలోకి ఒకే సూది వేస్తుంది. కాబట్టి ప్రయాణికుడికి సగంలో పద్ధతి మారిపోవచ్చు. తప్పనిసరైతే అలా మారడం ఫర్వాలేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

చెన్నై కుక్కల కథ ఇంకో పట్టా మీద నడిచింది. కార్పొరేషన్ వాళ్ళు వీధి కుక్కల్ని పట్టుకుని బేసిన్ బ్రిడ్జి దగ్గర కరెంటు పెట్టి చంపేవాళ్ళు. చంపినకొద్దీ కొత్తవి పుడుతూనే ఉన్నాయని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి వదలడమే దారని జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ 1964 నుంచీ పోరింది. కార్పొరేషన్ ఒప్పుకున్నది 1996లో. 2001లో అదే పద్ధతి దేశమంతటికీ నిబంధన అయింది. పద్ధతి మంచిదే, చెయ్యాల్సినంత చేస్తే. 2024 లెక్కలో నగరంలో 1.8 లక్షల వీధి కుక్కలు తేలాయి, ఆపరేషన్ అయినవి నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. రేబిస్ ఆగాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలంటారు. 2023 నవంబరులో రాయపురంలో ఒకే కుక్క కాసేపట్లో ఇరవైమందికి పైగా కరిచింది. చచ్చాక పరీక్షిస్తే దానికి రేబిస్ ఉంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆసుపత్రుల ఆవరణల నుంచి కుక్కల్ని తీసెయ్యమంది. మా వాణ్ని కరిచింది లాడ్జి సందులో; సందుల మాట ఆ ఉత్తర్వులో లేదు.

చావులు తగ్గాయి, అది ఒప్పుకోవాలి. 2003 నాటి దేశవ్యాప్త సర్వేలో ఏటా 20,565 మరణాలని అంచనా. ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 5,726 అంది. ఇప్పటికీ పోతున్నవాళ్ళలో గీతే కదా అని ఊరుకున్నవాళ్ళు ఉంటారు. ఒక్క మనదేశమే కాదు, 2025లో మొరాకోలో కుక్కపిల్ల తాకిడికి చిన్న గాయమైన బ్రిటన్ మహిళ ఇంటికెళ్ళిన కొన్ని నెలలకి పోయింది. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. అమెరికా నుంచి పిల్లలతో సెలవులకి వచ్చే మనవాళ్ళు బయల్దేరే ముందే 0, 7 రోజుల్లో రెండు డోసులు వేయించుకుంటే, ఇక్కడ కరిచినా మరో రెండు చాలు. గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే తయారు యాంటీబాడీలు) అక్కర్లేదు. నెత్తురొచ్చిన కాటుకి మిగతావాళ్ళకి అది తప్పనిసరి, అది దొరికేదేమో పెద్ద ఊళ్ళలో.

మా వాడు పసుపు పక్కన పెట్టి, లాడ్జిలో ఇచ్చే బిళ్ళంత సబ్బుతో కుళాయి కింద పావుగంట కడిగాడు. సబ్బు వైరస్ పైపొరని కరిగిస్తుంది; కాటు పడగానే ఇంట్లో ముందు చెయ్యాల్సిన పని ఇదే. గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్, మొదటి రెండు డోసులు చెన్నైలోనే పడ్డాయి. మూడోదానికి గూడూరులో ఓ ఆసుపత్రికి వెళ్తే, చీటీ తమిళంలో ఉందని నర్సమ్మ అటూ ఇటూ తిప్పింది. అంకెలు మాత్రం అందరివీ ఒకటే కాబట్టి తేదీలు చూసి వేసింది. ఇరవై ఎనిమిదో రోజు సరిగ్గా భోగి. ఓపీ లేదు. పండగ మూడు రోజులూ అయ్యాక వెళ్ళాడు. మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలా అని భయపడ్డాడు గానీ, ఆలస్యమైతే మిగిలిన డోసు వేస్తే చాలు. ఆ నర్సమ్మే వేసి, తమిళ చీటీ మీద తెలుగులో సంతకం పెట్టి ఇచ్చింది.