కదలని బిడ్డకు నొప్పి లేనట్టేనా?

స్కానింగ్‌కో, ఎండోస్కోపీకో పిల్లాడికి మత్తు ఇస్తామనగానే తల్లి ముందుగా అడిగేది ఒక్కటే: "వాడికేమీ తెలియదు కదండీ?" ఈ ప్రశ్నకు రక్తపరీక్షల ద్వారా జవాబు వెతకడం మొదలై నలభై ఏళ్లే అయింది.

1980ల దాకా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నరాలు ఇంకా ఎదగలేదు కాబట్టి నొప్పి తెలియదని చాలామంది డాక్టర్లు నమ్మేవారు. బలమైన మత్తు ఇస్తే ఆ చిన్న గుండె తట్టుకోదన్న భయం కూడా ఉండేది. ఆ భయంలో కొంత నిజమూ ఉంది. అందుకని కాస్త నైట్రస్ ఆక్సైడ్ వాయువు, కండరాలను కదలనివ్వని ఒక మందు ఇచ్చి ఆపరేషన్ చేసేవారు. బిడ్డ కదలదు, ఏడవదు. చూసేవాళ్లకు అంతా ప్రశాంతంగానే కనిపించేది.

1985లో అమెరికాలో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బిడ్డకు గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. ఇచ్చింది కదలకుండా చేసే మందు మాత్రమే. బిడ్డ కొన్ని వారాలకు చనిపోయాడు. అసలు సంగతి తల్లికి ఆ తర్వాతే తెలిసింది. ఆమె ఊరుకోలేదు. 1986లో అది పత్రికలకెక్కి దేశమంతా చర్చ అయింది.

అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే యువ డాక్టర్ ఇదే విషయం మీద పనిచేస్తున్నారు. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి వెళ్లిన మనవాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి తిరిగొచ్చిన పసికందులు పాలిపోయి, ఊపిరి అందక, నాడి బలహీనపడి ఉండటం ఆయన గమనించారు. లోపల ఏం జరుగుతోందో బిడ్డ చెప్పలేదు కదా. అందుకే రక్తాన్ని అడిగారు. గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే ఆపరేషన్‌కు వచ్చిన పిల్లల్లో కొందరికి పాత పద్ధతిలోనే మత్తు ఇచ్చి, మరికొందరికి దానితోపాటు ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపారు. ఫెంటనిల్ అందని పిల్లల్లో అడ్రినలిన్ లాంటి ఒత్తిడి హార్మోన్లు, రక్తంలో చక్కెర బాగా ఎక్కువగా పెరిగాయి. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ. 1987లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో ఉన్నది 16 మంది పిల్లలే. అయినా పాత నమ్మకం కదిలిపోయింది. 1992లో గుండె ఆపరేషన్ల మీద ఆయనే మరో అధ్యయనం ప్రచురించారు. మామూలు మత్తు ఇచ్చిన 15 మంది పసికందుల్లో నలుగురు చనిపోగా, అధిక మోతాదులో నొప్పి మందు అందిన 30 మందిలో ఒక్కరూ చనిపోలేదు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే లెక్క ఇది.

ఆపరేషన్ థియేటర్ బయట ఇచ్చే మత్తు కథ వేరు. అమెరికాలో పళ్ల క్లినిక్‌లో పిల్లలు చనిపోయాక 1985లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు తెచ్చింది. అప్పటి దృష్టంతా ఊపిరి, నాడి మీదే. కానీ అలా ఇచ్చే మత్తుమందుల్లో మిడజోలం బెదురు తగ్గిస్తుంది, జరిగింది గుర్తుండనివ్వదు, నొప్పి తగ్గించదు. 1869 నుంచి వాడుకలో ఉన్న క్లోరల్ హైడ్రేట్ నిద్రపుచ్చుతుంది, అంతే.

హార్మోన్ కొలతను కూడా గుడ్డిగా నమ్మలేం. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఉదయం ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా ఉంటుంది. పరీక్ష కోసం గుచ్చే సూదికే పిల్లలకు టెన్షన్ వస్తుంది కాబట్టి లాలాజలంలో కొలిచే పద్ధతి వచ్చింది. ఎటోమిడేట్ అనే మత్తుమందైతే కార్టిసాల్ తయారీనే అడ్డుకుంటుంది. అది ఇచ్చిన బిడ్డలో అంకె తగ్గిందంటే బిడ్డ నెమ్మదించిందని కాదు, కార్టిసాల్ తయారుచేసే గ్రంథి పని ఆగిందని.

ఎమ్మారై లాంటి నొప్పి లేని పరీక్షకు నిద్ర సరిపోతుంది. ఎముక మజ్జ తీయడం, విరిగిన చెయ్యి సరిచేయడం లాంటివాటికి సరిపోదు. అలాంటప్పుడు తల్లిదండ్రులు డాక్టర్‌ను ఇంకో మాట కూడా అడగవచ్చు: "మత్తుతోపాటు నొప్పి మందు కూడా ఇస్తున్నారా?"