అలలు కలిపితే ఏ గీతైనా వస్తుందా?

బిగించిన తీగను మీటితే అది ఎలా కదులుతుంది? 1747లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు దాలంబేర్ దీనికి సమీకరణం రాశాడు. 1753లో డేనియల్ బెర్నౌలీ, ఆ కదలిక ఎంత చిక్కుగా కనిపించినా సాదా సైన్ అలల (ఒకే తీరుగా పైకీ కిందికీ ఊగే నున్నటి అలల) మొత్తమేనన్నాడు. దాలంబేర్, ఆయిలర్ ఇద్దరూ ఒప్పుకోలేదు. వినగానే మనకూ నమ్మబుద్ధి కాదు. మధ్యలో పట్టి లాగిన తీగకు మొన ఉంటుంది. నున్నటి అలల్లోంచి మొన ఎలా వస్తుంది?

ఆ వాదన తేలకుండానే అర్ధశతాబ్దం గడిచింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పాలనాధికారిగా ఉన్న గణితజ్ఞుడు ఫోరియర్, లోహంలో వేడి పాకే తీరును లెక్కగడుతూ మళ్ళీ అక్కడికే వచ్చాడు. వేడి సైన్ అల ఆకారంలో పరుచుకుని ఉంటే, చల్లారేటప్పుడు ఆ ఆకారం మారదు, ఎత్తు మాత్రమే తగ్గుతుంది. అల పొడవు సగమైతే నాలుగు రెట్లు వేగంగా అణుగుతుంది. కాబట్టి మొదటి వేడిని అలలుగా విడగొట్టగలిగితే చాలు, తర్వాతి కథంతా తెలిసినట్టే. ఎంత అందమైన ఊహ! ఏ ప్రమేయాన్నైనా, అంటే ఒక విలువ ఇస్తే మరో విలువ ఇచ్చే ఏ సంబంధాన్నైనా, ఇలా విడగొట్టవచ్చని 1807లో పారిస్‌లోని విజ్ఞాన సంస్థకు పత్రం పంపాడు. లగ్రాంజ్ అడ్డుపడ్డాడు. 1812లో ఆ సంస్థ బహుమతి ఇచ్చినప్పుడు కూడా నిరూపణలో పట్టు లేదన్నారు. పుస్తకం 1822లో గానీ రాలేదు.

నిజానికి ఆ ఆక్షేపణ సరైనదే. దానికి జవాబు వెతుకుతూనే గణితం మారిపోయింది. 1829లో డిరిక్లే కొన్ని షరతులతో తొలి గట్టి నిరూపణ ఇచ్చాడు. అలల ఎత్తులు తెలియాలంటే సమాకలనం చేయాలి, అంటే గీత కింది వైశాల్యాన్ని లెక్కగట్టాలి. మరి ఏ ప్రమేయాన్ని సమాకలనం చేయగలం? 1854లో రీమన్ ఆ ప్రశ్నతో సమాకలనాన్నే కొత్తగా నిర్వచించాడు. ఒకే ప్రమేయానికి రెండు వేర్వేరు శ్రేణులు (అంతు లేకుండా సాగే అలల మొత్తాలు) ఉంటాయా అని అడిగిన కాంటర్, 1870ల్లో అనంత సమితుల (అంతులేని గుంపుల) దాకా వెళ్ళాడు. వేడి లెక్కలోంచి సమితి సిద్ధాంతం మొలిచిందంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన పద్ధతితో కంప్యూటర్లు అలలుగా విడగొట్టే ఈ లెక్కను వేగంగా చేయసాగాయి. 1024 కొలతలకు పది లక్షల గుణకారాలు అవసరమైన చోట సుమారు పదివేలు సరిపోయాయి.

ఏ ప్రమేయమైనా అలల మొత్తమవుతుందా అన్న అసలు ప్రశ్న మాత్రం అప్పటికీ మిగిలే ఉంది. అవిచ్ఛిన్న ప్రమేయానికి (ఎక్కడా తెగకుండా సాగే గీతకు) కూడా ఒక బిందువు దగ్గర శ్రేణి చెదిరిపోవచ్చని, అంటే మొత్తం ఏ విలువ దగ్గరా కుదురుకోకపోవచ్చని, 1870ల్లోనే తేలింది. సమాకలనం చేయగలిగినా, దాదాపు ఎక్కడా శ్రేణి కుదురుకోని ప్రమేయాన్ని 1923లో కోల్మగోరవ్ చూపించాడు. అవిచ్ఛిన్న ప్రమేయాల్లోనూ అలాంటిది ఉందేమోనని కార్లెసన్ మొదట ఎదురు ఉదాహరణ కోసమే వెతికాడు. అది ఎందుకు దొరకడం లేదో గమనిస్తూ గమనిస్తూ, 1966లో నిరూపణకే చేరాడు: శ్రేణి చెదిరే బిందువులు ఉండవచ్చు, కానీ అన్నీ కలిపినా వాటి పొడవు సున్నా.