భక్తి, ధైర్యం, పెద్ద జబ్బు: అపోహలు - వాస్తవాలు

నేను పాలియేటివ్ కేర్ డాక్టర్‌ని. క్యాన్సర్, గుండె, కిడ్నీ జబ్బులు ముదిరినవాళ్లకి నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం లాంటి బాధలు తగ్గించడం నా పని. రోజూ మందుల గురించి ఎంత మాట్లాడతానో, దేవుడి గురించీ ధైర్యం గురించీ ఇంచుమించు అంతే మాట్లాడాల్సి వస్తుంది. బంధువులు ప్రేమతో అనే మాటలే ఒక్కోసారి మంచంలో ఉన్న మనిషిని ఇంకా కుంగదీస్తాయి. అలాంటివి కొన్ని చెబుతాను.

అపోహ: మనసు గట్టిగా పెట్టుకుంటే ఎంత జబ్బయినా తగ్గిపోతుంది

చూడ్డానికి వచ్చినవాళ్లంతా అనే మాట ఇది. నా ఉద్దేశంలో ఎక్కువ హాని చేసేదీ ఇదే. ఎందుకంటే జబ్బు తగ్గకపోతే తప్పంతా రోగి మీదికి పోతుంది.

జబ్బు తిరగబెట్టిందని తెలిసిన రోజున ఒక రైతు, భార్య మందులు తేవడానికి బయటికి వెళ్లగానే, గొంతు తగ్గించి అడిగారు: “కీమో పెట్టినప్పుడు రాత్రిళ్లు ఏడ్చేవాణ్ణి డాక్టరమ్మా. అందుకేనా మళ్లీ వచ్చింది?” ఏడుపుకీ దీనికీ సంబంధం లేదన్నాను. నమ్మలేదు. కొన్ని కణాలు మందుకి లొంగవనీ, మిగిలిపోయిన అవే మళ్లీ పెరుగుతాయనీ వివరించాను. ఆమె తిరిగి రాగానే “ఆవిడకి కూడా చెప్పండమ్మా” అన్నారు. ఏడిస్తే జబ్బు ముదురుతుందేమోనన్న భయంతో ఆవిడ ఇన్నాళ్లూ ఆయన్ని కంట తడి పెట్టనివ్వలేదు. ఆ రోజు ఇద్దరూ నా గదిలోనే కాసేపు ఏడ్చారు.

తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మానసిక స్థితి బాగున్నంత మాత్రాన ఎక్కువ కాలం బతికినట్టు కనిపించలేదు. అంతకుముందు 2001లో, రొమ్ము క్యాన్సర్ ఒంట్లో పాకిన 235 మంది ఆడవాళ్లపై చేసిన అధ్యయనం వచ్చింది. వాళ్లలో కొందరు తమలాంటివాళ్లతో గ్రూపుగా కూర్చుని, మనసు విప్పి మాట్లాడుకునేవారు. వాళ్ల ఆయుష్షు పెరగలేదు గానీ నొప్పి, దిగులు తక్కువగా ఉన్నాయి. ధైర్యం చేసే మేలు అక్కడ ఉంది: రాత్రి నిద్ర పట్టడం, నాలుగు ముద్దలు తినగలగడం, మనవడితో మాట్లాడాలనిపించడం. అది చిన్న మేలని నేను ఎన్నడూ అనుకోను.

అపోహ: నొప్పి పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే. మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) వేసుకుంటే మత్తులో దేవుడి ధ్యాస కూడా ఉండదు

పాలియేటివ్ వైద్యానికి ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ స్వయంగా దైవభక్తురాలు. ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (జబ్బు ముదిరినవాళ్లని చివరి రోజుల్లో చూసుకునే చోటు) స్థాపించారు. నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదనీ, మనసు, కుటుంబం, ఆధ్యాత్మికం అన్నీ అందులో కలిసి ఉంటాయనీ చెప్పారు. చెబుతూనే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైము ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలని పట్టుబట్టారు.

మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండొచ్చు, చాలామందికి తర్వాత అది తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే దానికీ మందు కలిపి రాస్తాం. ఒక పెద్దావిడ వెన్ను నొప్పితో విష్ణు సహస్రనామం పది శ్లోకాలు కూడా చదవలేక పుస్తకం మూసేసేవారు. డోసు సరిపోయాక దిండుకి ఆనుకుని మొత్తం చదివారు. ఆవిడ జపానికి అడ్డుపడింది నొప్పే.

అపోహ: ఏ పాపం చేశారో, దేవుడు శిక్షిస్తున్నాడు

దయచేసి ఈ మాట రోగి వినేలా అనకండి. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన పెద్ద వయసువాళ్లపై 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, ‘దేవుడు నన్ను వదిలేశాడు’ అనుకున్నవాళ్లలో తర్వాతి రెండేళ్లలో మరణాలు కొంత ఎక్కువ కనిపించాయి. ఆ బాధే కారణమని అది రుజువు చేయదు. కానీ నమ్మకం ఓదార్చినట్టే గాయపరచగలదు కూడా అని మేం రోజూ చూస్తూనే ఉన్నాం. ఇలాంటప్పుడు మేం వాదించం, వింటాం. ఆ మనిషికి గురి ఉన్న పూజారినో, పాస్టరునో, ఇమామునో పిలవమంటాం. “కష్టంలో మీకు దేనివల్ల ధైర్యం వస్తుంది?” అని అందర్నీ అడుగుతాం. నాస్తికోద్యమకారుడు గోరా నాస్తిక కేంద్రం పెట్టిన గడ్డ మనది, దేవుణ్ణి నమ్మనివాళ్లూ వస్తారు. వాళ్లకి స్నేహితులు, పాటలు, చేసిన పని ఆసరా. ఆ చివరి రోజుల్లో వాళ్లని మార్చాలని చూడటం అన్యాయం.

అపోహ: మొక్కుకున్నాం కాబట్టి ఉపవాసం, దీక్ష ఆపకూడదు

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతూ ఉపవాసం ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. రోగులకి రంజాన్ ఉపవాసం (రోజా) నుంచి ఇస్లాం మినహాయింపు ఇచ్చింది. మిగతా మతాల పెద్దల్ని అడిగినా ఒంట్లో బాగాలేనప్పుడు వద్దనే చెబుతారు. కీమో తర్వాత, ఇన్ఫెక్షన్లని అడ్డుకునే తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పచ్చిపాల పంచామృతం, అభిషేక తీర్థం తాగొద్దు, కళ్లకద్దుకుంటే చాలు. రేడియేషన్ ఇచ్చిన చర్మం మీద మమ్మల్ని అడక్కుండా విభూతి, పసుపు, నూనె రాయొద్దు.

అపోహ: నిజం చెబితే ధైర్యం చెడుతుంది

“ఆయనకి మాత్రం చెప్పకండి” అని కొడుకులు తలుపు దగ్గరే ఆపుతారు. లోపలికెళితే, “పిల్లలకి చెప్పకమ్మా, తట్టుకోలేరు” అంటారాయన. చాలామందికి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు వాళ్లనే అడిగి, అంతవరకే మెల్లగా చెబుతాం. తెలిసిన మనిషి తనకేం కావాలో అడగగలుగుతాడు. కొందరు తిరుమల ఒక్కసారి వెళ్లాలంటారు. అలాంటి కోరిక ఉంటే టికెట్లు తీసేముందే మాకు చెప్పండి. రక్తపరీక్షలు చూసి ఏ వారం వెళ్లొచ్చో చెబుతాం, దారికి సరిపడా మార్ఫిన్, వాంతుల మాత్రలు, చేతిలో ఉంచుకోవడానికి చీటీ రాసిస్తాం. వృద్ధులకూ దివ్యాంగులకూ టీటీడీ ప్రత్యేక దర్శనం ఇస్తోంది, ఏయే కాగితాలు కావాలో ముందే కనుక్కోండి.