మనిషి ఓటు రహస్యం, ఊరి ఓటు బహిరంగం

ఓట్ల లెక్కింపు పూర్తయిన రోజు పల్లెల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఎవరు గెలిచారని కాదు, మన బూత్‌లో ఎవరికి లీడ్ వచ్చిందని. ఏడెనిమిది వందల ఓట్లున్న ఊరికి సాధారణంగా ఒకటే పోలింగ్ బూత్ ఉంటుంది. కాబట్టి బూత్ లెక్కే ఊరి లెక్క. ఫలితాల తర్వాత ఫారం 20 పేరుతో ఆ లెక్క అధికారికంగానే బయటికొస్తుంది. ఫలానా వ్యక్తి ఎవరికి వేశాడో ఎవరికీ తెలియదు గానీ, ఫలానా ఊరు ఎటు మొగ్గిందో ఎమ్మెల్యే దగ్గర్నుంచి పక్క ఊరి కార్యకర్త దాకా అందరికీ తెలుస్తుంది. చిన్న పల్లెల్లో ఓటు గురించి మాట్లాడేటప్పుడు మనం పట్టించుకోని చిక్కు ఇదే.

1951–52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె చొప్పున, దాని మీద గుర్తు అంటించి పెట్టారు. ఓటరు నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. 1962 ఎన్నికల నాటికి ఒకే బ్యాలెట్ పత్రం మీద ముద్ర వేసే పద్ధతి స్థిరపడింది. ఒక్కో బూత్ ఓట్లను విడిగా లెక్కిస్తే ఊళ్లకు ఊళ్లే కక్షలకు బలవుతాయన్న భయం అప్పటి నుంచీ ఉంది. అందుకే 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 59ఏ అనే నిబంధన చేరింది. ఓటర్లను బెదిరించే, వేధించే ప్రమాదం ఉందని ఎన్నికల సంఘం భావించిన నియోజకవర్గంలో అన్ని పెట్టెల్లోని బ్యాలెట్లను కలిపేశాకే లెక్కించాలి. అలా కలిపాక ఏ కాగితం ఏ ఊరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈవీఎంలతో ఆ రక్షణ పోయింది. 1982లో కేరళలోని పరవూరులో మొదలైన యంత్రాలు 2004 లోక్‌సభ ఎన్నికలకల్లా దేశమంతా వచ్చాయి. రిగ్గింగ్ తగ్గింది, చెల్లని ఓట్ల బెడద పోయింది, లెక్కింపు గంటల్లోకి వచ్చింది. ఆ మేలు తక్కువేమీ కాదు. కానీ యంత్రంలోని ఓట్లను బ్యాలెట్లలా కలపలేం. ఏ బూత్ యంత్రం ఫలితం ఆ బూత్‌దే.

తెలుగు పల్లెల్లో ఇది ఎందుకంత సున్నితమో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. చాలాకాలం ఊరి మొగ్గును కరణం, మునసబు, పటేల్, పట్వారీ నిర్ణయించేవారు. భూమి రికార్డు వాళ్ల చేతిలో ఉండేది కాబట్టి వాళ్ల మాట కాదనడం రైతుకు కష్టం. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవుల్ని ఆర్డినెన్స్‌తో రద్దు చేసింది. ఊరంతా ఒక గడప మాట వినే రోజులు అక్కడితో సడలాయి. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు పార్టీలు వచ్చాయి. నా దృష్టిలో పల్లె ఓటుకు దొరికిన పెద్ద స్వేచ్ఛ అది. కానీ పెత్తనం పోలేదు, చేతులు మారింది. పింఛను, ఇల్లు, సీసీ రోడ్డు, బోరు ఇప్పించే పార్టీ నాయకుడు కొత్త పెద్దమనిషి అయ్యాడు. అతని చేతిలో ఉండేది బూత్ లెక్క. 2019 లోక్‌సభ ప్రచారంలో బీజేపీ నాయకురాలు మేనకా గాంధీ, తమకు పడిన ఓట్ల శాతాన్ని బట్టి ఊళ్లను ఏ, బీ, సీ, డీలుగా విభజించి ఆ వరుసలోనే పనులు చేస్తామని బహిరంగంగా చెప్పారు. ఎన్నికల సంఘం తప్పుపట్టింది. ఆమె పైకి చెప్పింది గానీ, ఈ లెక్క ఒక్క పార్టీది కాదు.

పోలింగ్ శాతం సంగతీ దీంతోనే ముడిపడి ఉంది. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో యాదాద్రి భువనగిరి జిల్లాలో 90 శాతం దాటితే, హైదరాబాద్‌లో 50 శాతం కూడా రాలేదు. పల్లె వాళ్లకు ఓటు విలువ తెలుసని మెచ్చుకుంటాం, అది నిజమే. అయితే చిన్న ఊళ్లో ఓటుకు రాకపోవడం కూడా అందరికీ కనిపిస్తుంది. ఏజెంట్లు జాబితాలో టిక్ పెడుతూనే ఉంటారు. మధ్యాహ్నానికి రాని వాళ్ల ఇంటికి మనిషి వెళ్తాడు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకు ఫోన్ వెళ్తుంది. ఒకప్పుడు ఎవరికీ ఓటు వద్దనుకున్నవాళ్లు బూత్‌లోనే రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సి వచ్చేది. అది రహస్యాన్ని దెబ్బతీస్తుందని సుప్రీంకోర్టు 2013లో చెప్పాకే నోటా వచ్చింది.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అయినా ఏ అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. కక్షలు వద్దనుకుంటే ఏకగ్రీవం అంటారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరు కలిసికట్టుగా ఉండటం మంచిదే. కానీ పోటీ చేయాలనుకున్న దళిత యువకుడినో, ఒంటరి మహిళనో పెద్దలు కూర్చోబెట్టి ఒప్పించి తెచ్చిన ఏకగ్రీవంలో ఓటు అవసరమే ఉండదు. దాన్ని ఐకమత్యం అనడానికి నాకు మనసొప్పదు.

బూత్ లెక్కకు మందు లేకపోలేదు. ఈవీఎంలు తయారుచేసే బీఈఎల్, ఈసీఐఎల్ సంస్థలే టోటలైజర్ అనే పరికరాన్ని తయారుచేశాయి. ఇది 14 బూత్‌ల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపిస్తుంది. దీన్ని వాడదామని ఎన్నికల సంఘం 2008లో కేంద్రాన్ని కోరింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. బూత్ వారీ లెక్కలు అభ్యర్థులకు, పార్టీలకు తమ పనికి ఉపయోగపడతాయన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ ఉపయోగం ఏమిటో, ఎవరికో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. నిబంధన సవరించాల్సింది మాత్రం కేంద్రమే.