పీకి పారేయని పసుపు మొక్కలు

నారుమడి అంతా ఆకుపచ్చగా ఉండి, ఒక్క టమాటా మొక్క మాత్రం పసుపుగా లేస్తే ముందు నత్రజని లోపమనో, ఇనుము లోపమనో, వైరస్ అనో అనుకుంటాం. చాలాసార్లు నిజమే. కానీ పక్కవాటికి అందిన ఎరువు దానికీ అంది, దాని విత్తనంలోనూ అదే రంగు దిగుతుంటే కారణం మట్టిలో లేదు, జన్యువులో ఉంది.

ఆకు రంగుకు వంశం లెక్క ఉందని మొదట తేలింది వేరే మొక్కల్లో. 1907లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్విన్ బావర్ బంగారు రంగు ఆకులున్న స్నాప్‌డ్రాగన్ అనే పూల మొక్కలను వాటితో వాటినే కలిపితే, రెండు బంగారు మొక్కలకు ఒక ఆకుపచ్చ మొక్క చొప్పున వచ్చాయి. వంశ లక్షణాలకు లెక్క చెప్పిన మెండెల్ ప్రకారం ఒక ఆకుపచ్చకు మూడు బంగారువి రావాలి; అందులో ఒక వంతు కనిపించలేదు. మారిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందినవి పత్రహరితం లేక మొలక దశలోనే చనిపోయాయి. 1909లో కార్ల్ కోరెన్స్ చంద్రకాంత మొక్కల్లో ఇంకో సంగతి చూపాడు: ఆకుల మీది తెల్ల మచ్చలు తల్లి వైపు నుంచే వస్తాయి.

టమాటా విషయానికొస్తే, చార్లెస్ రిక్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేం. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన, పొలాల్లో తిరిగి అందరూ పనికిరావని వదిలేసే మొక్కలనే ఏరేవాడు. అలాంటివాటి విత్తనాలను ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న కేంద్రం అక్కడే భద్రపరుస్తోంది. ఆ ఓపిక లేకపోతే కింది సంగతుల్లో చాలావాటికి ఆధారమే ఉండేది కాదు.

'ఆరియా' రకాన్ని చూడండి. ఆకులు బంగారు పసుపు, కాండం సాగిపోతుంది. లోపం నేరుగా పత్రహరితం జన్యువులో లేదు. ఎరుపు కాంతిని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్‌కు కావలసిన రంగు అణువు తయారుకాదు. ఆ అణువు హీమ్ అనే ఇనుమున్న పదార్థం నుంచి వస్తుంది. హీమ్‌కూ పత్రహరితానికీ తయారీ దారి మొదట్లో ఒకటే. హీమ్ నుంచి ఆ రంగు అణువుకు వెళ్లే దారి మూసుకుపోయి హీమ్ పేరుకుంటే ఆ ఉమ్మడి దారి నెమ్మదిస్తుంది, పత్రహరితం తగ్గుతుంది.

'ఘోస్ట్' రకంలో ఆకుపచ్చ మీద తెల్లటి చారలుంటాయి. ఎండ ముదిరేకొద్దీ తెలుపు పెరుగుతుంది. కెరోటినాయిడ్లనే పసుపు, నారింజ రంగు పదార్థాల తయారీకి తోడ్పడే ఒక ఎంజైమ్ లోపించడం వల్ల, వాటి రక్షణ లేని పత్రహరితం వెలుతురుకే నాశనమవుతుందని 2000లో తేలింది.

మరో జన్యువు సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడింది. కాయ తొడిమ దగ్గర ముదురు ఆకుపచ్చ లేకుండా అంతా ఒకేలా పండే టమాటాలను దాదాపు 70 ఏళ్లపాటు ఎంచి పెంచారు. వాటిలో పాడైంది జీఎల్‌కే2 అని 2012లో తెలిసింది. పత్రహరితం ఉండే కణభాగాలైన హరితరేణువులను పెంచే జన్యువు అది. కాయలో ఆ పని చేసేది అదొక్కటే కాబట్టి కాయ పాలిపోయి, చక్కెర కూడా కొంత తగ్గింది. ఆకులో మాత్రం దాని జత జన్యువు జీఎల్‌కే1 కూడా పనిచేస్తుంది. అందుకే ఆ మొక్కల ఆకులు మామూలుగానే ఆకుపచ్చగా ఉండిపోయాయి.